మనాలి నుంచి ఖర్దుంగ్ లా దాకా సైకిలు యాత్ర: నిర్వాహకుల సేవపై సమీక్ష

మనాలిలో సైకిలెక్కి, హిమాలయాల కనుమలు ఒక్కొక్కటే దాటుకుంటూ లేహ్ చేరి, అక్కడి నుంచి ఖర్దుంగ్ లా (‘లా’ అంటే కనుమ) దాకా తొక్కడం మన దేశంలో సైకిలు మీద చేయదగిన యాత్రలన్నిటిలోకీ కఠినమైనదని నా అభిప్రాయం. ఆ యాత్రను నేను మనాలి కేంద్రంగా పనిచేసే ఒక చిన్న సంస్థ ద్వారా పూర్తి చేశాను. అద్దె సైకిలు, సామాను మోసే వాహనం, వంటమనిషి, మెకానిక్, గుడారాలు, బృంద నాయకుడు అన్నీ కలిపి వారు తీసుకునే రుసుముతో ఒక మంచి గేర్ల సైకిలు కొనుక్కోవచ్చు. అంత ఖర్చు పెట్టడం సబబేనా అని హైదరాబాదులోను, విశాఖలోను మిత్రులు అడుగుతున్నారు. సబబేనని నా సమాధానం. అయితే అందుకు కారణం వాళ్ళు వండిపెట్టే భోజనమో, వేసే గుడారాలో కాదు, ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న విషయంలో వాళ్ళు చూపిన పట్టుదల. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ దారిలో ఏ నిర్వాహకుణ్ణి ఎంచుకోవాలన్నా చూడవలసిన విషయాలు ఇవే.

ముందుగా దారి గురించి చెప్పాలి. మనాలి ఎత్తే 2,050 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అత్యంత ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు కనుక, మనం యాత్ర మొదలుపెట్టే చోటే మన రాష్ట్రాల్లోని కొండలన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి రోహ్‌తాంగ్ కనుమ (3,978 మీటర్లు) దాటి లాహౌల్ లోయలోకి దిగి, చంద్రా, భాగా నదులు కలిసే తాండీ మీదుగా కేలాంగ్, జిస్పా, దార్చా చేరి, ఆపైన బారాలాచా లా (సుమారు 4,890 మీటర్లు), నకీ లా, లాచుంగ్ లా (5,000 మీటర్లకు పైన), తంగ్‌లాంగ్ లా (5,328 మీటర్లు) వరుసగా ఎక్కి దిగాలి. 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం వల్ల మోటారు వాహనాలకు రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది. వాటిలో ఎక్కువ భాగం సొరంగంలోకి మళ్ళిపోవడంతో పాత ఘాట్ రోడ్డు సైకిలు తొక్కేవారికి మునుపటికన్నా ప్రశాంతంగా మారింది.

ఈ యాత్రలో మనిషిని ఓడించేది ఎక్కుడు కాదు, ఎత్తు. అనంతగిరి కొండల్లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో నెలల తరబడి సాధన చేస్తే కాళ్ళకు బలం వస్తుంది గాని, పల్చని గాలికి శరీరం అలవాటుపడదు. తంగ్‌లాంగ్ లా మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కొంచెం మాత్రమే ఎక్కువ. 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యంలో ప్రసిద్ధమైన సూత్రం ఒకటి ఉంది. ఈ రోడ్డు మీద దాన్ని పాటించడం తేలిక కాదు. జిస్పా సుమారు 3,200 మీటర్ల ఎత్తులో ఉంటే, తరువాత గుడారాల వసతి విరివిగా దొరికే సర్చూ దాదాపు 4,300 మీటర్ల ఎత్తులో ఉంది. జిస్పాలో ఉదయం బయలుదేరి రాత్రికి సర్చూ చేరుకోవాలని చెప్పే కార్యక్రమాలు చూశాను. అంటే ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పెంపు, అదీ మధ్యలో బారాలాచా ఎక్కి దిగిన అలసటతో.

మా నిర్వాహకులు అలా చేయలేదు. జిస్పాలో ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉంచారు. నడుమ రోజు ఊరికే పడుకోనివ్వకుండా దార్చా దాటించి కొంత దూరం పైకి తొక్కించి, తిరిగి కిందికి తెచ్చి నిద్రపుచ్చారు. మరుసటి రాత్రి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న పట్సియో దగ్గర గుడారాలు వేశారు, ఆ తరువాతే బారాలాచా. ఆ దిగువ రోజుల్లో బృందంలో బలమైనవాళ్ళు విసుక్కున్నారు. బారాలాచా కింద సూరజ్ తాల్ పక్కనుంచి ఎక్కుతున్నప్పుడు మాత్రం అందరి ఊపిరీ లయ తప్పకుండా ఆడింది. అదే రోజు మరో బృందం మనుషులు సైకిళ్ళు వాహనం మీదికెత్తి, తల పట్టుకుని కూర్చున్న దృశ్యం చూశాక ఎవరూ విసుక్కోలేదు.

ఇక్కడ ఒక భౌగోళిక విశేషం అందరూ తెలుసుకోవాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు మొదటి చికిత్స వెంటనే కిందికి దిగడం. కాని సర్చూ, దాని తరువాత వచ్చే బస పాంగ్ రెండూ కనుమల మధ్య చిక్కుకున్న చోట్లు. సర్చూ నుంచి వెనక్కి రావాలంటే బారాలాచా, ముందుకు పోవాలంటే లాచుంగ్ లా ఎక్కాలి. పాంగ్ నుంచి వెనక్కి లాచుంగ్ లా, ముందుకు తంగ్‌లాంగ్ లా. దిగడానికైనా ముందు ఎక్కక తప్పని ప్రదేశాలవి. కాబట్టి ఎవరు ముందుకు సాగవచ్చో తేల్చవలసిన చోటు బారాలాచాకు ఇవతలే. మా బృంద నాయకుడు ఉదయం, సాయంత్రం అందరి వేలికీ ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పెట్టి అంకెలు రాసుకునేవాడు. అంకెతో సరిపెట్టకుండా తలనొప్పి, వికారం, నిద్ర, ఆకలి గురించి ఒక్కొక్కరినీ విడిగా అడిగేవాడు. బృందంలో ఒక యువకుడికి పట్సియోలో తలనొప్పి తగ్గలేదు, అన్నం సహించలేదు. తాను తొక్కగలనని అతను ఎంత వాదించినా నాయకుడు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే వాహనంలో కేలాంగ్‌కు దింపించాడు. కోలుకున్నాక అతన్ని వాహనంలోనే లేహ్‌కు చేర్చారు. డబ్బు చెల్లించిన మనిషికి కాదని చెప్పగలిగే అధికారం నాయకుడికి ఉందని ఒప్పందంలోనే రాసి ఉంది. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైన వాక్యం అది.

బారాలాచా దాటిన తరువాతి నడక కూడా ఆలోచించి కూర్చినదే. మంచు కరిగిన నీటితో మధ్యాహ్నానికి రోడ్డు మీది వాగులు పొంగుతాయి కనుక తెల్లవారుజామునే బయలుదేరదీసేవారు. గటా లూప్స్ అనే 21 మలుపుల ఎక్కుడును ఎండ ముదరకముందే ముగించేలా చూశారు. 400 మీటర్లకు పైగా ఎత్తును సమమైన వాలుతో ఎక్కించే ఆ మలుపులు చూడటానికి భయపెడతాయి గాని, చిన్న గేరులో ఓపికగా తొక్కితే ఈ దారిలో కెల్లా న్యాయమైన ఎక్కుడు అదే. అసలు పరీక్ష పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానాలు. చదునుగా కనిపించే ఆ నేల 4,700 మీటర్ల ఎత్తులో దాదాపు 40 కిలోమీటర్లు సాగుతుంది, మధ్యాహ్నం లేచే ఎదురుగాలి మనిషిని నిలబెట్టేస్తుంది. మమ్మల్ని ముగ్గురేసి చొప్పున వరుసకట్టించి, గాలికి ఎదురుగా ముందుండేవారిని తరచూ మార్పించినందువల్లే చీకటి పడకముందు గుడారాలకు చేరగలిగాం.

భోజనం విషయంలో ఒక్క మెచ్చుకోలు. పాంగ్ ఎత్తులో నీళ్ళు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉండిపోతుంది. వాళ్ళు ప్రెషర్ కుక్కర్లు వెంట మోసుకొచ్చారు. ఆకలి మందగించే ఆ ఎత్తులో మెత్తని అన్నం, పప్పు దొరకడం చిన్న విషయం కాదు.

లోపాలున్నాయి. అవి సైకిళ్ళ దగ్గరే ఎక్కువ. అద్దె సైకిళ్ళు రెండే కొలతల్లో ఉన్నాయి. పొట్టివాళ్ళకు, మరీ ముఖ్యంగా మా బృందంలోని మహిళలకు, సరైన ఫ్రేము దొరకలేదు. దానివల్ల వచ్చిన మోకాళ్ళ నొప్పి, మెడనొప్పి లేహ్ దాకా వాళ్ళను వదల్లేదు. వెనక పళ్ళచక్రాల్లో పెద్దది ఇంకాస్త పెద్దదిగా ఉండవలసింది. అన్నిటికన్నా ఆందోళన కలిగించింది బ్రేకులు. తంగ్‌లాంగ్ లా నుంచి రుమ్‌త్సే వైపు వెయ్యి మీటర్లకు పైగా దిగాలి. అలాంటి దారికి కొత్త బ్రేక్ ప్యాడ్లు వేసి పంపడం నిర్వాహకుల కనీస బాధ్యత. నా సైకిలుకు సగం అరిగినవి ఉన్నాయి, మార్చమంటే మెకానిక్ దగ్గర ఆ రకం నిల్వలేదు. మెకానిక్ పనితనం గొప్పదే, చక్రంలో తెగిన పుల్లను (స్పోక్) రోడ్డు పక్కనే మార్చి చక్రం వంకర తీసిన వేగం చూసి ముచ్చటపడ్డాను. కాని విడిభాగాల పెట్టె అతని నేర్పుకు తగినట్టు లేదు. కనీసం సీటు, పెడళ్ళు, తనకు సరిపోయే రకం ప్యాడ్లు ఎవరివి వారు వెంట తీసుకెళ్ళాలని నా గట్టి సలహా.

రెండో అభ్యంతరం ప్రచారం గురించి. ఖర్దుంగ్ లాను ప్రపంచంలోనే అత్యంత ఎత్తయిన మోటారు రోడ్డుగా వాళ్ళ కరపత్రం చెబుతోంది. పైన చాలాకాలంగా ఉన్న బోర్డు 18,380 అడుగులని ప్రకటించినా, కొలతల ప్రకారం దాని ఎత్తు 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులు. లద్దాఖ్‌లోనే ఉమ్‌లింగ్ లా రోడ్డు దానికన్నా చాలా ఎత్తులో, 5,798 మీటర్ల దగ్గర ఉంది. లేహ్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో దాదాపు 1,850 మీటర్లు ఎక్కించే ఖర్దుంగ్ లా రోడ్డుకు అతిశయోక్తి అవసరం లేదు. ఆ రోజు ఏర్పాటు కూడా మెరుగుపడాలి. ఉదయం ఎనిమిదికి బయలుదేరదీయడంతో చివరి పది కిలోమీటర్లు కనుమ అవతలి నుబ్రా లోయకు వెళ్ళే కార్ల పొగలోనే ఎక్కవలసి వచ్చింది. మిగతా రోజుల్లో తెల్లవారుజామున లేపినవాళ్ళు ఈ రోజున ఎందుకు తాత్సారం చేశారో అర్థం కాలేదు.

వెళ్ళదలచినవాళ్ళకు ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకు అనువైన కాలం. అంతకుముందు మనాలి వైపు వానలు, కొండచరియలు ఎక్కువ. రుసుము కట్టే ముందు రాత్రి బసల జాబితా, వాటి ఎత్తులతో సహా, రాతపూర్వకంగా అడగండి. జిస్పా పక్కన నేరుగా సర్చూ పేరు కనిపిస్తే వేరే సంస్థను చూసుకోండి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి. లేహ్ నుంచి తిరుగు విమానం టికెట్టును యాత్ర ముగిసే తేదీకి కనీసం రెండు రోజుల ఎడంతో కొనుక్కోండి, ఎందుకంటే ఒక్క కొండచరియ విరిగిపడినా ఈ రోడ్డు మూతపడుతుంది, తొందరలో ఉన్న బృందం మొదట కత్తిరించేది జిస్పాలోని ఆ రెండో రాత్రినే.