గాలాపగోస్‌కా, సౌత్ జార్జియాకా?

జంతువులను దగ్గరగా చూడాలంటే నా ఓటు పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవులకే. అక్కడ సీల్‌ల లాంటి సీ లయన్లు దారికి అడ్డంగా పడి నిద్రపోతాయి. సముద్రపు ఇగ్వానాలు (పెద్ద బల్లులు) రాళ్ల మీద ఎండకు ఒళ్లు కాచుకుంటూ ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు చిమ్ముతాయి. మనల్ని చూసి బెదరవు. అయినా 2 మీటర్ల దూరం పాటించాల్సిందే. ఒక్కో గైడ్ వెంట 16 మందికి మించి ఉండరు. ఈత కొడుతూ చూసే అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ.

అంటార్కిటికా వైపున్న సౌత్ జార్జియా దీవి లెక్క వేరు. విమానాశ్రయం లేదు, ఓడలోనే రోజుల తరబడి ప్రయాణం, కడుపులో ఒకటే తిప్పుడు. కానీ సెయింట్ ఆండ్రూస్ బేలో కింగ్ పెంగ్విన్లు కనుచూపు మేర నిలబడి ఉంటాయి. (వాసన కూడా అంతే దూరం వస్తుంది!) ఒడ్డుకు ఒకేసారి 100 మందినే దింపుతారు, అదీ బయటి మొక్కలు అక్కడ మొలవకుండా, బూట్లకు ఒక్క విత్తనం కూడా అంటుకోలేదని చూశాకే. ఫర్ సీల్‌లు మాత్రం మీదికొస్తాయి, గైడ్ వెనకే నడవండి.