పోర్ట్‌లాండ్ రోజ్ గార్డెన్‌లో వాలంటీర్ పని: ఇక్కడ చదువుకునే మనవాళ్ల కోసం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్‌లో ఎంఎస్ చేస్తున్న మనవాళ్లకి గట్టిగా చెప్తున్నా, వేసవిలో వాషింగ్టన్ పార్క్‌లోని ఇంటర్నేషనల్ రోజ్ టెస్ట్ గార్డెన్‌లో వాలంటీర్‌గా చేరండి. టికెట్ లేదు కాబట్టి అందరూ ఒకసారి వెళ్తారు, ఫొటోలు దిగి వచ్చేస్తారు. కత్తెర పట్టుకుని ఆ మడుల్లోకి దిగితే అది వేరే లోకం.

పది వేలకు పైగా మొక్కలు, 600కు పైగా రకాలు. మన పని వాడిన పూలు కత్తిరించడం. వాడిన పువ్వుని అలాగే వదిలేస్తే మొక్క బలం కాయకీ గింజకీ పోతుంది, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి. అందుకని కాడ వెంట కిందికి చూసుకుంటూ వచ్చి, ఐదు చిన్నాకులున్న ఆకు దగ్గర, అందులోనూ బయటి వైపు తిరిగిన కణుపు చూసుకుని, దానికి కాస్త పైన ఏటవాలుగా కత్తిరించాలి. ఎందుకలాగో కూడా విడమరిచి చెప్తారు, నాకు బాగా నచ్చింది అదే. కడియం నుంచి తెచ్చిన గులాబీ ఒకసారి పూసి ఆగిపోయిందని దిగులుపడే మా అమ్మకి ఇప్పుడు వీడియో కాల్‌లో నేనే నేర్పిస్తున్నాను.

ఈ తోట 1917లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబులకి యూరప్ గులాబీ రకాలు అంతరించిపోతాయేమోనన్న భయంతో వాటిని ఇక్కడికి పంపించారట. అది తెలిశాక ఏ మొక్క దగ్గరా తొందరపడబుద్ధి కాదు.

పక్కన పనిచేసేవాళ్లలో రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువ. రూమ్మేట్స్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా సెమిస్టర్ గడిచిపోయే మనకి, ఊరి సంగతులు చెప్పే ఇలాంటి మనుషులు దొరకడం చాలా పెద్ద విషయం.

ఇబ్బందులూ ఉన్నాయి. మడుల్లో నీడ ఉండదు, టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. ఊళ్లో తిరిగే మ్యాక్స్ లోకల్ రైల్లో వచ్చి వాషింగ్టన్ పార్క్ స్టేషన్‌లో దిగితే జూ దగ్గర తేలతారు, అక్కణ్ణుంచి గార్డెన్‌కి మంచి నడకే. పూలు ఇంటికి తెచ్చుకోవచ్చనుకుంటే మాత్రం కుదరదు.

ఎఫ్-1 (స్టూడెంట్) వీసా టెన్షన్ ఉన్నవాళ్లు చేరే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి అడగండి. జీతం లేని, ఎవరైనా ఉచితంగా చేసే సేవ ఇది, ఇంటర్న్‌షిప్ కాదు. జూన్‌లో పూత ముమ్మరంగా ఉంటుంది కాబట్టి వసంతంలోనే పేరు ఇచ్చేయండి.