47 హెచ్‌పీ ట్రాక్టర్, ఐదు నెలలు, 212 గంటలు: బండికి నాలుగు స్టార్లు, షోరూంకి ఒకటిన్నర

బండి తీసుకుని ఐదు నెలలైంది. మీటరు 212 గంటలు తిరిగింది కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుంది. డెలివరీ రోజున దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అట్టతో చేసిన మూరెడు తాళంచెవి నా చేతికిచ్చి ఫొటో తీశారు చూడండి, ఆ పూటే రాసి ఉంటే ఐదుకి ఐదూ ఇచ్చేసేవాణ్ణి.

మాది పశ్చిమ గోదావరి. సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రబీ పంట) రెండూ వరే. సొంతం 3 ఎకరాలు, కౌలు 9. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. ఇంకా నాలుగున్నరేళ్లు ఆ గుమ్మం తొక్కాలి నేను. పైగా వేరే కంపెనీ బండి తీసుకున్న మా బావమరిది చెప్పేదీ ఇదే కథ, రంగు ఒకటే తేడా.

ముందు మంచి చెప్పేస్తాను. ఇంజను బాగుంది. వెనక ఆరడుగుల రోటావేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) వేసి నల్లరేగడిలో దింపినా గొంతు మారదు, పొగ రాదు. పవర్ స్టీరింగ్ ఉండటం వల్ల మడి మూలల్లో తిప్పేటప్పుడు భుజాలు లాగడం లేదు. నాన్న పాత బండి మీద ఒక రోజు దమ్ము (నాట్లకి ముందు నీళ్లు పెట్టి మడిని బురదగా దున్నడం) చేస్తే రెండు రోజులు చేయి ఎత్తలేకపోయేవాణ్ణి. ఆయిల్ బ్రేకులు, లిఫ్టు, సీటు, అన్నీ బాగున్నాయి. డీజిల్ కూడా వాళ్లు చెప్పినదానికి గంటకి అర లీటరు మాత్రమే ఎక్కువ తాగుతోంది. సేల్స్ కుర్రాడు 55 హెచ్‌పీ తీసుకోమని చాలా ఊదరగొట్టాడు గానీ నేను వద్దన్నాను. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన బండ్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి కదా, ఆ ఇంజన్లకి సెన్సార్లు, కంట్రోల్ యూనిట్లు పెట్టి ధర కూడా ఎక్కించారు. చేలో ఆగిపోతే మన ఊరి మెకానిక్ పానా పట్టుకుని చూస్తూ నిలబడాల్సిందే. ఆ ఒక్క నిర్ణయం మాత్రం నేను బుర్రపెట్టి తీసుకున్నది.

ఇక ధర. 2025 ఆగస్టులో అడిగితే 8 లక్షల 30 వేలు చెప్పి, 30 వేలు డిస్కౌంట్ ఇస్తామని, పైన హుడ్ (నెత్తి మీద నీడకి కప్పు) ఫ్రీ అని అన్నారు. అంటే 8 లక్షలు. సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గుతోందని వార్త వచ్చింది, సరే నెల ఆగుదామని ఆగాను. అక్టోబర్ మొదటి వారంలో వెళ్తే బోర్డు మీద ధర 7 లక్షల 78 వేలు. అక్షరాలా పన్ను తగ్గించారు, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ డిస్కౌంట్ ఏదయ్యా అంటే "జీఎస్టీయే 52 వేలు తగ్గింది కదా బాబాయ్ గారూ, ఇంకా డిస్కౌంట్ ఏంటండీ" అన్నాడు. హుడ్ 14 వేలు విడిగా. లెక్కేసుకోండి, 8 లక్షల చోట 7 లక్షల 92 వేలు. నెల రోజులు ఆగినందుకు నాకు మిగిలింది 8 వేలు. ఆ ఆగిన నెలలో కిరాయి బండికి ఇచ్చింది ఇంతకంటే ఎక్కువే.

బాగా బేరం చేసేసరికి ఆ కుర్రాడు ఒక మాటన్నాడు, అది ఇప్పటికీ బుర్రలో తిరుగుతూనే ఉంది. "నాన్నగారి బండి ఎంతకి కొన్నారండీ?" అన్నాడు. 2012లో, 5 లక్షల 40 వేలు. ఫోన్‌లో టకటకా కొట్టాడు. అప్పుడు మద్దతు ధర క్వింటా 1,250, అంటే 75 కిలోల బస్తా 937 రూపాయల యాభై పైసలు, బండి ఖరీదు 576 బస్తాలు. ఇప్పుడు క్వింటా 2,369, బస్తా 1,777, బండి 438 బస్తాలు. "చూశారా, తగ్గిందండీ!" అన్నాడు నవ్వుతూ. నాకు వెంటనే జవాబు తోచలేదు. లెక్క తప్పు కాదు మరి. ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఆయన మంచం మీద నుంచి లేవకుండానే అన్నాడు: "బస్తా ధర కాదురా, బస్తాలో మనకి మిగిలేది ఎంతో కట్టమను."

నాన్న రోజుల్లో కౌలు ఎకరానికి ఏడాదికి 22 బస్తాలు, ఇప్పుడు నేను ఇస్తున్నది 30. ఆ 1,777 కూడా కాగితం మీద ధరే. అక్టోబర్ 28న మొంథా తుఫాను వచ్చి సార్వా చేను పడిపోయాక తేమ ఉందని, రంగు మారిందని కోసి కోసి నా చేతికి వచ్చింది బస్తాకి 1,500. ఇంకోటి, నాన్న ట్రాక్టర్ కొన్నప్పుడు గొర్రు, దమ్ము చక్రాలు, వెనక లాగే తొట్టి ఉంటే చాలు, ఊరంతా పని అయిపోయేది. ఇప్పుడు రోటావేటర్ లేకపోతే ట్రాక్టర్ ఉన్నట్టే కాదు, కిరాయికి ఎవడూ పిలవడు. అది 1 లక్షా 18 వేలు. దమ్ముకి ఇనప చక్రాలు వెల్డింగ్ షాపులో చేయిస్తే 30 వేలు. ముందు బంపరు, హుక్కు, టాపు లింకు, పాత బండితోపాటు ఊరికే వచ్చినవన్నీ ఈసారి బిల్లులో ఒక్కో లైను.

రోటావేటర్‌కి సబ్సిడీకి వెళ్లలేదా అని అడుగుతారు. వెళ్లాను. ఆ విడతలో మా మండలానికి వచ్చినవి అప్పటికే అయిపోయాయి. అయినా కాగితం ప్రకారం నేను 3 ఎకరాల రైతుని, కౌలు 9 ఎకరాలు ఏ పుస్తకంలోనూ లేవు.

అసలు దెబ్బ తగిలింది ఫైనాన్స్ దగ్గర, ఇది కొనబోయేవాళ్లు జాగ్రత్తగా చదవండి. షోరూంలోనే బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ అబ్బాయి "వడ్డీ 9 శాతమేనండీ, బ్యాంకు కంటే నయం, కాగితాలు కూడా రేపే అయిపోతాయి" అన్నాడు. 5 లక్షల 30 వేలు అప్పు, ఐదేళ్లు, ఆరు నెలలకో వాయిదా. ఒక్కో వాయిదా 76,850. సంతకాలు అయ్యాక మా పిన్ని కొడుకు, కాకినాడలో బ్యాంకులో చేస్తాడు, ఫోన్‌లో చూసి "అన్నయ్యా, ఇది ఫ్లాట్ రేటు" అన్నాడు. అంటే మీరు కట్టుకుంటూ పోయినా, అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం ఐదేళ్లూ మొత్తం 5 లక్షల 30 వేల మీదే పడుతుంది. ఏడాదికి 47,700, ఐదేళ్లకి 2 లక్షల 38 వేల 500. మామూలుగా బ్యాంకులో తగ్గే బాకీ మీద వేసే లెక్కలోకి మారిస్తే అది దాదాపు 15 శాతం. 9 అన్న మాట అబద్ధం కాదు, అదే కోపం. ఆ "ఫ్లాట్" అన్న ముక్క మాత్రం సంతకం పెట్టేదాకా ఒక్కసారి కూడా ఆ నోట్లోంచి రాలేదు. "ఫ్లాటా, తగ్గేదా" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు, మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

సర్వీసు సంగతి. మొదటి సర్వీసు 50 గంటలకి, ఫ్రీ. ఫ్రీ సర్వీసుకి కట్టిన బిల్లు 5,840. ఇంజనాయిల్, ఫిల్టర్లు, సరే, ఎక్కడైనా అవుతుంది. కన్సూమబుల్స్ అని 350 వేశారు. ఏంటమ్మా అవి అంటే కౌంటర్ దగ్గర అమ్మాయి "గుడ్డలూ అవీ అండీ" అంది. గ్రీజు 420. నేను పక్కనే నిలబడి చూశాను, గన్నుతో నాలుగు చోట్ల రెండేసి సార్లు కొట్టారు అంతే. గ్రీజు ఎక్కించే నిపుల్స్ తుడవకుండా కొట్టారు, నేనే చొక్కా అంచుతో తుడిచాను.

అసలు కథ డిసెంబర్ చివర్లో, దాళ్వా దమ్ములప్పుడు. ఊరంతా నారు చేతికొచ్చి, నీళ్లు వదిలి, కూలీలకి మాటిచ్చి ఉన్న వారం. మూడో రోజు మధ్యాహ్నం ముందు ఎడమ చక్రం దగ్గర కిర్రుమని శబ్దం. దిగి చూస్తే హబ్ (చక్రం మధ్య భాగం) అంచు నుంచి బురద కలిసిన గ్రీజు కారుతోంది, పల్చగా, పాలు ఎక్కువైన కాఫీ రంగులో. ఆ రంగు చూస్తే ట్రాక్టర్ నడిపే ఎవరికైనా కడుపులో దేవుతుంది, సీలు (నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు) పోయి నీళ్లు బేరింగుదాకా వెళ్లాయని అర్థం. షోరూంకి ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. రోజు గడిచింది. మళ్లీ చేస్తే మెకానిక్ ఒక్కడే ఉన్నాడు, మూడు మండలాలు తిరుగుతున్నాడని చెప్పారు. మూడో రోజు సాయంత్రం ఆ కుర్రాడు వచ్చాడు పాపం, వాడి మీద నాకేం కోపం లేదు, మొహం చూస్తే పొద్దున్నుంచి తిన్నట్టు లేడు. సీలు వారంటీలో రాదండీ, అరిగేది కదా అన్నాడు. 140 గంటలు తిరిగిన బండికి! సీలు 640, బేరింగులు 2,900, వచ్చినందుకు 500. గోదావరి జిల్లాలో ట్రాక్టర్ అమ్ముతూ, అది బురదలో దిగుతుందని ముందు తెలియదా వీళ్లకి? దమ్ము చేసే ఊళ్లలో సీలు పోవడం అరుగుదల కాదు, ఆ సీలు మన మాగాణికి సరిపోదని అర్థం.

తర్వాత విజయవాడ పని మీద వెళ్లినప్పుడు ఆటోనగర్‌లో అదే సైజు సీలు అడిగాను. 180 రూపాయలు. పక్కపక్కన పెట్టి చూశాను, రబ్బరు పెదవి (అంచు) కాస్త మందం తప్ప తేడా కనపడలేదు. నాలుగు కొని డబ్బాలో పడేశాను. షోరూం డబ్బాలో ఉండే ఆ హోలోగ్రామ్ స్టిక్కర్ ఖరీదు 460 అన్నమాట.

ఈ మూడు రోజులూ నా చేను సంగతి అటుంచండి, ముందే ఒప్పుకున్న కిరాయి 11 ఎకరాలు వేరేవాళ్లకి వెళ్లిపోయింది. కిరాయే కదా వాయిదా కట్టేది. మా ఊళ్లో రోటావేటర్ గంటకి 1,300. ఆరున్నర లీటర్ల డీజిల్ 630, డ్రైవర్‌కి 200, బ్లేడ్లు, గ్రీజు, చిల్లర 70. ఆరడుగుల దానికి 42 బ్లేడ్లు, ఇసుక కలిసిన నేలల్లో తిప్పితే ఎంత తొందరగా గుండ్రంగా అయిపోతాయో తిప్పినవాళ్లకి తెలుసు. మిగిలేది గంటకి 400. వాయిదా 76,850కి ఎన్ని గంటలు? 192. ఐదు నెలల్లో నాకు దొరికిన కిరాయి 120 గంటలు, మిగతా 92 నా పనే. మరి రేటు పెంచుకోవచ్చుగా అంటే ఎలా పెంచుతాం, ఊళ్లో 23 ట్రాక్టర్లు ఉన్నాయి, అందరికీ ఇదే వాయిదా, పిలిస్తే చాలని 1,200కి కూడా వెళ్లేవాళ్లున్నారు. కిరాయికి తీసుకునే రైతుకేమో 1,300 కూడా భారమే. నాకు గిట్టక, వాడికి గిట్టక, మధ్యలో ఎవరికి గిట్టిందో బిల్లులు చూస్తే తెలుస్తుంది.

కిరాయితో గిట్టని ఆ వాయిదా మొత్తాన్నీ ధాన్యంతోనే కడితే బస్తా 1,500 చొప్పున 51 బస్తాలు, 12 ఎకరాలకి పంచితే పంటకి ఎకరానికి నాలుగు బస్తాల పైనే. సేల్స్ కుర్రాడి ఫోన్‌లో ఈ లెక్క లేదు.

కోత మిషన్ గురించి కూడా ఒక మాట, ఇది నాది కాదు, కిరాయిదే. తుఫానుకి చేను పడిపోతే టైరు మిషన్ దిగదు, చైను మిషన్ కావాలి. గంటకి 3,500 తీసుకున్నారు, పడిన చేను కదా, గంటలో అయ్యే ఎకరం రెండు గంటలు పట్టింది. అతన్నీ తిట్టలేను. అతని మిషన్ పాతిక లక్షల పైమాటే, సీజన్‌లో నెలరోజులు తిరిగితే తిరిగినట్టు, లేకపోతే షెడ్డులో పట్టా కప్పుకుని పడుకోవాలి.

కొనాలా వద్దా? సొంత పొలం పదిహేను ఇరవై ఎకరాలుండి, ఇంట్లోనే నడిపేవాళ్లుంటే ఈ హెచ్‌పీలో ఏ బండైనా కొనండి, ఇంజన్ల విషయంలో మనవాళ్లు నిజంగా బాగా చేస్తున్నారు. నాలాగా కౌలు ఎక్కువుండి, కిరాయితో వాయిదా గట్టెక్కుతుందని అనుకునేవాళ్లు మాత్రం ముందు ఊళ్లో ట్రాక్టర్లు లెక్కపెట్టి రండి. పాత బండి ఇంజను బాగుంటే రోటావేటర్ ఒక్కటే కొనుక్కోవడం మేలు, నేను ఆ పని చేయాల్సింది, నాన్న చెప్పాడు కూడా. కొనేవాళ్లు జీఎస్టీ తగ్గాక ఎంత, డిస్కౌంట్‌తో ఎంత, రెండూ కాగితం మీద రాయించుకోండి.

మొన్న కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది. దానికి గంట ముందే షోరూం నుంచి సేల్స్ కుర్రాడు చేసి "బాబాయ్ గారూ, పదికి పది చెప్పండి, ఎనిమిది చెప్పినా మా జీతంలో కోస్తారు" అన్నాడు. వాడికి పది ఇచ్చాను. సర్వీసుకి ఎంత అని అడిగితే మూడు అన్నాను. కంపెనీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి "కారణం చెప్తారా సార్" అంటే ముందు చక్రం సీలు దగ్గర మొదలుపెట్టాను, మధ్యలోనే లైను కట్ అయింది. దాళ్వా పొట్ట మీదుంది (కంకి బయటికి రాబోతోంది), మొదటి వాయిదా వచ్చే నెల.