‘వన్స్ మోర్’ కట్ చెయ్యని మనిషి దొరికాడు: బెంగళూరులో నాటకం కాసెట్లు డిజిటల్ చేయించిన అనుభవం

ఇంట్లో పాత పద్యనాటకం కాసెట్లు, రికార్డులు ఉండి, ఏదో ఒక షాపులో ఇచ్చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందాంలే అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఇవ్వండి. నేను ఒకసారి తప్పు చోట ఇచ్చా, రెండోసారి సరైన చోట ఇచ్చా. రెండింటికీ ఎంత తేడా వచ్చిందో వింటే గానీ నాకే అర్థం కాలేదు.

మాది హిందూపురం పక్కన పల్లె. మా తాత పగలంతా సేద్యం, రాత్రయితే నాటకం, ఎప్పుడూ కృష్ణుడి వేషమే. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యాలు పుస్తకం చూడకుండా మొత్తం వచ్చేవి ఆయనకి. 1987 శివరాత్రికి మా ఊళ్లో కురుక్షేత్రం ఆడితే మా చిన్నాయన స్టేజీ ముందర టేప్‌రికార్డర్ పెట్టుకుని రాత్రంతా మేలుకుని 90 నిమిషాల కాసెట్లు 4 నింపాడు. పడక సీను నుంచి తెల్లారి మంగళం దాకా ఉంది, మధ్యలో కాసెట్ తిప్పేటప్పుడు పోయిన ముక్కలు తప్ప. తాత పోయి 11 ఏళ్లయింది. అవ్వకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం బ్రహ్మాండంగా వినపడతాయి, "ఆ క్యాసెట్లు ఒకసారి పెట్టమ్మా" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, ఇంట్లో ఉన్న టేప్‌రికార్డరేమో పాడైపోయి ఎన్నో ఏళ్లు.

మొదట ఇచ్చిన షాపు గురించి రెండు మాటల్లో చెప్తా, పేరు చెప్పను. పెళ్లి వీడియోలు చేసే షాపు, కాసెట్ 150 రూపాయలు, రెండు రోజుల్లో ఇచ్చేశారు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. తాత గొంతు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది, పద్యం చివర రాగం తీస్తుంటే సగంలో గుటుక్కున ఆగిపోతోంది, హార్మోనియం అసలు లేదు. అన్నిటికన్నా ఘోరం, 'జెండాపై కపిరాజు' పద్యం ఒక్కసారే వచ్చింది. మా ఇంట్లో అందరికీ తెలుసు ఆ రాత్రి జనం వన్స్ మోర్ కొడితే తాత ఆ పద్యం రెండుసార్లు పాడాడని. వెళ్లి అడిగితే అక్కడున్న అబ్బాయి ఏమన్నాడో తెలుసా, "అది రిపీట్ అయింది మేడమ్, టేప్ ప్రాబ్లమ్ అనుకుని తీసేశా, మధ్యలో జనం అరుపులు కూడా క్లీన్ చేశా" అని. పాపం అతను మంచి పని చేశాననే అనుకున్నాడు, నాటకం ఎప్పుడూ చూసినవాడు కాదు. నాకు ఏడుపొచ్చింది నిజంగా. అదృష్టం ఏంటంటే కాసెట్లు భద్రంగా వెనక్కి ఇచ్చాడు.

తర్వాత మా ఆఫీసులో ఒకావిడ, కన్నడావిడ, చెప్పింది మల్లేశ్వరం వైపు పాత ఇంటి మేడ మీద ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్లు అని. ఆయన పేరు, అడ్రసు ఇక్కడ పెట్టట్లేదు ఎందుకంటే ఆయనే వద్దన్నారు, ఒక్కడినే చేసుకుంటా, జనం ఎక్కువైతే చెయ్యలేను అని. ఇంట్లో కోలారు వైపు తెలుగు, బయట కన్నడ. నేను అంకుల్ అనే పిలుస్తున్నా.

ఫస్ట్ రోజు కాసెట్లు తీసుకోను కూడా లేదు, గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు. ఎవరు పాడారు, హార్మోనిస్టు ఎడమ పక్కా కుడి పక్కా, టేప్‌రికార్డర్ కరెంటు మీద నడిచిందా బ్యాటరీల మీదా అని. బ్యాటరీల ప్రశ్న ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. చిన్నాయనకి ఫోన్ చేస్తే బ్యాటరీలే అన్నాడు, తెల్లవారుజామున కొత్తవి వేశానని కూడా గుర్తుంది ఆయనకి. బ్యాటరీ దిగిపోయే కొద్దీ రికార్డర్ మోటారు నిదానం అవుతుంది, అట్లా నిదానంగా తిరిగిన టేపుని తర్వాత మామూలు స్పీడులో పెడితే గొంతు సన్నబడి పైకి పోతుంది, మా మూడో కాసెట్‌లో తాత గొంతు అట్లా మెల్లమెల్లగా ఆడగొంతు అయిపోతుంటే మేమందరం టేపు సాగిపోయిందనుకునేవాళ్లం. అంకుల్ ఏమన్నారంటే, "మనిషి శ్రుతి జారొచ్చమ్మా, హార్మోనియం జారదు కదా, దాన్ని పట్టుకుందాం" అని. ఆ రాత్రి వాయించిన హార్మోనియం ఇంకా ఉందా అని అడిగారు. ఉంది! హార్మోనిస్టు కొడుకు ఇంట్లో గుడ్డ కప్పి పెట్టుకున్నారు. ఆయనకి ఫోన్ చేసి బతిమాలితే తాత పాడే మెట్టు నొక్కి పట్టుకుని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాడు. అంకుల్ ఆ స్వరం ఆధారంగా పెట్టుకుని, టేపులో హార్మోనియం ఎక్కడెక్కడ ఎంత పైకి పోయిందో చూసుకుంటూ స్పీడు సరిచేశారు. మూడో కాసెట్‌లో తాత మళ్లీ తాతలాగే పాడుతున్నాడు. ఇంతకన్నా పెద్ద రివ్యూ ఏం రాయను.

ఇంకా చేసినవి చెప్తా, మీరు ఎవరికి ఇచ్చినా ఇవి అడగొచ్చు. ఒక కాసెట్‌లో టేపుని హెడ్డుకి (టేపు మీది శబ్దాన్ని ఎత్తుకునే భాగం) ఆనించి ఉంచే చిన్న మెత్త ఊడిపోయింది, జిగురు ఎండిపోతే అట్లా ఊడుతుందట, ఆ టేపుని తీసి స్క్రూలున్న కొత్త కాసెట్ పెట్టెలోకి మార్చారు. ప్లేయర్ హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ తాత పలికే 'శ', 'స' విడివిడిగా స్పష్టంగా వినపడేదాకా వాలు సరిచేశారు, ఎందుకంటే చిన్నాయన రికార్డర్ హెడ్డు ఏ వాలులో ఉండిందో ఆ వాలులోనే ఈ హెడ్డు కూడా ఉండాలి, లేకపోతే మాట మసగ్గా వస్తుంది. ఆ మసకని మొదటి షాపులో కంప్యూటర్‌తో బాగుచెయ్యబోయారు, అసలు టేపు మీద ఉన్నదే సరిగా ఎత్తుకోలేదు కదా, కంప్యూటర్ ఏం చేస్తుంది?

హార్మోనియం ఎట్లా మాయమైందో కూడా చెప్పారు. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌కి ముందు ఒక శాంపిల్ ఇవ్వాలి, మాటలు లేని చోటు చూసి ఇదే నాయిస్ అని చూపిస్తారు, అలాంటి శబ్దం ఎక్కడున్నా అది తగ్గించేస్తుంది. పద్యనాటకంలో మాటలు లేని చోట ఏముంటుంది, శ్రుతి ఉంటుంది! ఆ అబ్బాయి హార్మోనియం శ్రుతినే నాయిస్ కింద చూపించాడన్నమాట, అది ఆరు గంటల నాటకంలో శ్రుతి మొత్తం తినేసింది, దాంతోపాటు రాగం చివర సన్నగా దిగే గొంతుని కూడా. అంకుల్ టేపులో వచ్చే 'స్స్' శబ్దం దాదాపు అట్లాగే ఉంచేశారు. మొదటి ఐదు నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత చెవికి అలవాటైపోతుంది.

ఇక ఆ పద్యం. రెండుసార్లూ ఉంది, మధ్యలో జనం అరుపులు, ఈలలు, ఎవరో దుర్యోధనుడి వేషం కట్టినాయన "మళ్లీనా" అని మెల్లగా అనడం కూడా వినపడుతుంది. నేను ఎన్నో ఏళ్లుగా రెండుసార్లూ ఒకేలా పాడి ఉంటాడనుకున్నా. కాదు. మొదటిసారి చివరి పాదం తొందరగా ముగించాడు, రెండోసారి అదే పాదం మీద నిలబడి రాగం పైకి తీసుకెళ్లి, హార్మోనిస్టు ముందే అక్కడికి వెళ్లి కాచుకుని ఉంటే, తాత ఆ స్వరం మీద కాకుండా పక్కకి దిగి, హార్మోనియం వెతుక్కుంటూ వస్తే అప్పుడు ముగించాడు. ఇద్దరూ ఆడుకున్నారు అక్కడ. అది వన్స్ మోర్ లేకపోతే పుట్టేది కాదు. బళ్లారి రాఘవ లాంటి మహానటులే నాటకంలో ఈ రాగాలు ఎక్కువైతే నటన దెబ్బతింటుందని గొడవ పడ్డారు, ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ 1987లో మా ఊళ్లో ఆ పద్యం రెండోసారి వినడానికే జనం చలిలో తెల్లారేదాకా కూర్చున్నారు, రికార్డింగులో అది పోతే నాటకం సగం పోయినట్టే.

ఆఫీసావిడకి ఇంగ్లీష్ మ్యూజికల్స్ పిచ్చి, 'హామిల్టన్' ఆల్బమ్ మొత్తం నోటికొచ్చు. ఆమెకి ఇది వినిపిస్తే మొదట అడిగింది జనం గోల ఎందుకు ఉంచారు అని. వాళ్ల క్యాస్ట్ రికార్డింగులు మామూలుగా స్టూడియోలో చేస్తారు, స్టేజీ మీద పాడినవాళ్లే వచ్చి పాడతారు, జనం ఉండరు. 1943లో 'ఓక్లహోమా' అనే మ్యూజికల్‌కి డెక్కా రికార్డు కంపెనీ వాళ్లు అట్లాగే అసలు నటులతో, అసలు ఆర్కెస్ట్రాతో 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు) సెట్టు తెచ్చారు, అక్కడి నుంచి ఆ పద్ధతి బాగా స్థిరపడింది. మన పాత డ్రామా సెట్లూ (గ్రామఫోన్ రికార్డుల మీద వచ్చిన నాటకాలు) అంతే, స్టూడియోలో, ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లరే పట్టే రికార్డు కాబట్టి పద్యాన్ని కుదించి, రాగం తగ్గించి పాడాల్సి వచ్చేది, వన్స్ మోర్ సంగతే లేదు. ఆమె ఒక మంచి మాట చెప్పింది, 2015లో హామిల్టన్ ఆల్బమ్ తెచ్చినప్పుడు ఒక చిన్న సీను కావాలనే పెట్టలేదట, థియేటర్‌కి వచ్చినవాళ్లకే అది దక్కాలని. నాకు అది విని చానా సేపు ఆలోచనగా ఉండింది. వాళ్లు కావాలని థియేటర్‌కి వదిలిపెట్టిన లాంటి దాన్నే మా చిన్నాయన కాసెట్‌లోకి పట్టేశాడు.

బాగాలేనివి కూడా చెప్పాలి. మూడు వారాలు అన్నారు, ఏడు వారాలు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్‌కి రెండు రోజుల తర్వాత "అవుతోందమ్మా" అని ఒక్క మాట. మెట్లు నిట్టనిలువు, పెద్దవాళ్లు ఎక్కలేరు. కాసెట్‌కి 500, నాలుగింటికి 2,000, పెట్టె మార్చినందుకు ఇంకో 300, మొదటి షాపుతో పోలిస్తే మూడింతల పైనే. రసీదు ఇవ్వలేదు, నేనే కాగితం మీద రాసుకుని సంతకం పెట్టించుకున్నా, మీరూ అట్లా చెయ్యండి, ఒకటే కాపీ ఉన్న వస్తువు కదా. ఫైళ్లు పెద్దవి, ఒక గంటకి ఒక జీబీ దాకా ఉంటుంది, వాట్సాప్‌కి పనికొచ్చే చిన్న ఫైళ్లు అడిగితేనే ఇస్తారు, అడగండి.

78 రికార్డులు కూడా చేస్తారు. నేను వెళ్లినరోజు ఎవరిదో పాత డ్రామా సెట్టు బల్ల మీద ఉంది. ఆ రికార్డులకి ఎల్పీ (తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డు) సూది వాడకూడదు, గాడి వెడల్పు, దానికి లావు సూది వేరే ఉంటుంది. ఇంకోటి, వాటిని స్పిరిట్‌తో, శానిటైజర్‌తో ఎప్పుడూ తుడవొద్దు, అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే పైపొర కరిగిపోతుంది. ఎవరో అట్లా తుడిచి తెచ్చిన రికార్డు చూపించారు, మధ్యలో తెల్లగా మచ్చ పడి ఉంది, ఆ మచ్చ దగ్గర పాట లేదు.

పోయిన నెల ఊరికి తీసుకెళ్లి అవ్వకి స్పీకర్‌లో పెట్టా. పద్యాలకి ఏమీ అనలేదు, కళ్లు మూసుకుని వింటోంది. వన్స్ మోర్ దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుని, "ఆ మొదటి అరుపు మా తమ్ముడిది" అంది. అవ్వ తమ్ముడిని నేను చూడలేదు కూడా, నేను పుట్టకముందే పోయాడు, ఆయన ఫోటో కూడా ఇంట్లో ఒక్కటే ఉంది. ఆ అరుపు మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. మొదటి షాపువాళ్లు క్లీన్ చేసి తీసేసింది అదే.

నాటకాలు ఎక్కడున్నాయి ఇప్పుడు అనేవాళ్లకి, జేసీ రోడ్డులో రవీంద్ర కళాక్షేత్రకి వెళ్లి చూడండి, బెంగళూరు చుట్టుపక్కల పల్లెలవాళ్లు డ్రెస్సులు, సీన్లు (వెనక కట్టే తెరలు) బాడుగకు తెచ్చుకుని సొంత డబ్బుతో కురుక్షేత్రం ఆడుతుంటారు. కన్నడంలో ఆడతారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చానామంది ఉంటారు వాళ్లలో. హార్మోనియం మాస్టారు ఎదురుగా ముందు వరసలో కూర్చోండి, సగం నాటకం ఆయన ముఖంలోనే కనపడుతుంది.

మా ఊళ్లో కూడా వచ్చే శివరాత్రికి మళ్లీ ఆడుతున్నారు. కృష్ణుడి వేషం కడుతున్న అబ్బాయి ఆ ఫైలు తీసుకెళ్లి, 'జెండాపై కపిరాజు' తాత రెండోసారి పాడిన పద్ధతిలోనే నేర్చుకుంటున్నాడు, హార్మోనియం మీద అదే హార్మోనిస్టు కొడుకు. ఈసారి రికార్డింగ్ ఫోన్‌లో వద్దనుకుని అంకుల్ దగ్గర మంచి రికార్డర్ రోజుకి 300 బాడుగకి మాట్లాడుకున్నాం, కొత్త బ్యాటరీలు రెండు జతలు ఎక్కువే తీసుకెళ్తున్నా.