అనంతగిరి దాకా డిమెన్షియా సైకిల్ రైడ్: దారి, బస, తోడు మనుషులు

హైదరాబాద్ సైకిలిస్టులకు అప్పా జంక్షన్ నుంచి వికారాబాద్ అనంతగిరి గుట్టల దాకా తొక్కడం కొత్త కాదు. మేం మాత్రం డిమెన్షియా (మతిమరుపు ముదిరి రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితి) ఉన్న పెద్దలను చూసుకుంటున్న కుటుంబాలకు సాయం కోసం, ఆ జబ్బు మీద జరిగే పరిశోధన కోసం విరాళాలు పోగుచేస్తూ వెళ్లాం. డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే జబ్బు అల్జీమర్స్; సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం, దానికి దగ్గర్లోని వారాంతం పెట్టుకున్నాం. తొక్కినవాళ్లలో చాలామంది ఇళ్లల్లో అలాంటి పెద్దలున్నారు, వాళ్లను వదిలి రాత్రి బయట ఉండలేరు, అందుకని పెద్దవాళ్లు కార్లలో గుట్ట మీదికి వచ్చి మాతోపాటే ఉండేలా ఏర్పాటు. డిమెన్షియా ఉన్న మా నాన్న, ఆయన్ను చూసుకునే అమ్మ అలాగే వచ్చారు. కాబట్టి బస గురించి నేను రాసేది మామూలు టూరిస్టు రాసినట్టు ఉండదు.

ముందు దారి సంగతి. ప్రాక్టీస్‌కి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ చాలా బాగుంటుంది. 2023 అక్టోబర్‌లో మొదలైన ఈ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, పైన నీడ, పక్కన బండ్ల భయం లేదు. కానీ అది చదునుగా ఉంటుంది, అక్కడ ఎంత తొక్కినా గుట్ట ఎక్కడానికి అలవాటు కాదు. అప్పా జంక్షన్ దాటాక చిలుకూరు బాలాజీ గుడికి, ఫామ్‌హౌస్‌లకు వెళ్లే కార్లతో మొయినాబాద్ దాకా టెన్షన్ టెన్షన్‌గానే ఉంటుంది. తెల్లవారక ముందే ఆ ముక్క దాటేయండి.

మొయినాబాద్ తర్వాత చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు. సుమారు 900 చెట్లు ఉంటాయంటారు, రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారని ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. సైకిల్ మీద వెళ్తే ఆ నీడ విలువ ఒంటికి తెలుస్తుంది, చెట్లు లేని చోట చెమట కళ్లల్లోకి కారుతుంది, చెట్ల కిందికి రాగానే ఊపిరి కుదురుకుంటుంది. రోడ్డు ఇరుకు, లారీ వస్తే మట్టిలోకి దిగాల్సిందే, అది నిజమే. అయినా ఈ చెట్లు ఉండాలి. చేవెళ్లలో ఇడ్లీ, చాయ్, మన్నెగూడ దగ్గర కుడివైపు తిరిగితే వికారాబాద్. ఊరు దాటాక వచ్చే చివరి ఎక్కుడు కాళ్లను పిండేస్తుంది, దిగి నడిపించినా ఎవరూ ఏమనుకోరు.

బస కోసం మేం ముందే వెళ్లి చూసిన ఒక పెద్ద రిసార్ట్ ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. గదిలో గోడంత అద్దం. డిమెన్షియా ముదిరినవాళ్లు కొందరు అద్దంలో తమను తాము గుర్తుపట్టరు, గదిలో ఇంకెవరో ఉన్నారని భయపడతారు. నేల మీద నల్ల తివాచీ, అది వాళ్లకు గుంతలా కనిపించి అడుగు వేయరు. బాత్రూమ్ గడియ లోపలి నుంచే, బయటి నుంచి తీసే వీలు లేదు. సాయంత్రం డీజే. ఆ గడియ ఒక్కటి మార్చగలరా అని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి "రూల్స్ ఒప్పుకోవు మేడం" అన్నాడు. అక్కడ వద్దనుకున్నాం.

మేం దిగింది పొలాల మధ్య ఉన్న చిన్న బస. ఒకే గేటు, గదులన్నీ ఒకే అంతస్తులో, మధ్యలో వాకిలి. ఏసీ సరిగ్గా చల్లబడలేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. కానీ మేం చెప్పగానే ఓనరు స్క్రూడ్రైవర్ తెచ్చి బాత్రూమ్ గడియలన్నీ ఊడదీశాడు, రాత్రి వరండా లైట్లు ఆర్పలేదు, వాచ్‌మన్‌ను గేటు దగ్గరే పడుకోబెట్టాడు. నేను దానికి నూటికి నూరు వేస్తాను.

సాయంత్రమయ్యేసరికి నాన్నకు ఎక్కడున్నా గాబరా మొదలవుతుంది, మా సొంత ఇంట్లో కూర్చుని కూడా "ఇంటికి పోదాం పా బిడ్డా" అంటాడు. ఇదే ఇల్లు కదా అని వాదిస్తే ఇంకా ఎక్కువవుతుంది. "పోదాం నాన్నా" అని గేటు దాకా నడిపించాను, అక్కడ వాచ్‌మన్ కాల్చిన మక్క కంకి ఇచ్చి ఉర్దూలో పలకరించాడు, నాన్న కూడా ఉర్దూలోకి మారిపోయి చాలాసేపు ముచ్చట పెట్టాడు. మన నిమ్స్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ఒక పేపర్ వేసింది: ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువుకోనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. నాన్నకు తెలుగు, ఉర్దూ రెండూ చిన్నప్పటి నుంచి వచ్చు. ఆ లెక్కన మాకు కొన్ని మంచి ఏళ్లు అదనంగా దొరికాయేమో అనుకుంటాను. ఇలాంటి పరిశోధన మన ఊళ్లో, మన మనుషుల మీద జరగాలి, అందుకే విరాళాల్లో కొంత దానికి తీసిపెట్టాలని నేను పట్టుబట్టాను.

తోడు మనుషుల విషయంలో మాత్రం చాలా అసంతృప్తి. సిటీలోని ఒక ఏజెన్సీ పంపిన అటెండెంట్‌కు బీపీ చూడటం, డైపర్ మార్చడం వచ్చు, అడిగిందే పదిసార్లు అడిగే మనిషితో ఓపికగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు, ఒక పెద్దాయన మీద గట్టిగా కసిరింది కూడా. తప్పు ఆ అమ్మాయిది కాదు, ట్రైనింగ్ ఇవ్వకుండా పంపినవాళ్లది. మాలో ఇద్దరు ఆడపిల్లలు, ఒక బావ వంతులవారీగా రాత్రి మేల్కొన్నారు, వాళ్ల వల్లే మా అమ్మ కంటినిండా నిద్రపోయింది. "ఎన్ని రోజులైందే, పొద్దెక్కేదాకా పండుకొని" అంది లేచాక. దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా, అంటే అమ్మలా నిద్రలేని వాళ్లు కూడా దాదాపు అంతమంది ఉంటారు. సాయం కోసం పోగైన డబ్బుతో ముందు కొనాల్సింది వాళ్లకు కొన్ని గంటల విశ్రాంతి, అంటే శిక్షణ ఉన్న మనిషి వారానికి ఒకట్రెండు పూటలైనా ఇంటికొచ్చి కూర్చోవడం. పోస్టర్లు, టీషర్టులు, స్టేజీ ఖర్చులు తర్వాత చూసుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో కొందరు తొక్కుకుంటూ వచ్చారు, అలసినవాళ్ల సైకిళ్లను వ్యాన్‌లో వేశాం.

డబ్బు ఎక్కడివ్వాలని అడిగేవాళ్లకు: 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఏ సంస్థకిచ్చినా సైకిల్ తొక్కే మనిషి చేతికి కాకుండా నేరుగా సంస్థ ఖాతాలోకే వేయండి. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన నగదుకు రాదు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఇక ఇంట్లో పెద్దవాళ్లతో ఇబ్బంది పడుతూ ఎవరిని అడగాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఆ కాల్‌కి డబ్బులు పడవు.