బగ్ రిపోర్టుకు ఏ ఈమెయిలు ఇవ్వాలి: ప్లస్ అడ్రసా, ఎలియాసా, సొంత డొమైనా?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు బగ్ రిపోర్టులు (సాఫ్ట్‌వేర్‌లో కనబడ్డ లోపాల గురించి) రాయడం మొదలుపెట్టినవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. జీమెయిలు అడ్రసుకు ప్లస్ తగిలిస్తే సరిపోదా అని కూడా అడుగుతుంటారు. ముందు మీ అడ్రసు ఎక్కడెక్కడ బయటపడుతుందో చూసుకోవాలి.

కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఇష్యూ (అక్కడ బగ్ రిపోర్టు పేరు) రాస్తే యూజర్ నేమ్ తప్ప ఏమీ కనబడదు. బగ్‌లు నమోదుచేసే ట్రాకర్ సాఫ్ట్‌వేర్ బగ్‌జిల్లా సంగతి వేరు. లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఒత్తులు చెదిరిపోతున్నాయని రాయాలంటే వెళ్లాల్సింది అక్కడికే. మామూలు బగ్‌జిల్లాలో లాగిన్ పేరే ఈమెయిలు. లాగిన్ కానివారికి @ ముందున్న ముక్క, లాగిన్ అయినవారికి మొత్తం అడ్రసు కనబడుతుంది. డెబియన్‌లో (అదొక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఆ మాత్రం తెర కూడా లేదు. అక్కడ బగ్ అంటేనే ఒక ఈమెయిలు ఉత్తరం. పంపినవారి అడ్రసుతో సహా బగ్ పేజీలో పడుతుంది, ఎంబాక్స్ (ఉత్తరాలన్నీ కలిపి ఉంచే) ఫైలుగా ఎవరైనా దింపుకోవచ్చు. లినక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్ మూలభాగం) మెయిలింగ్ లిస్టులదీ అదే దారి. పైగా బగ్ సరిచేసిన కమిట్‌లో (కోడ్ మార్పు నమోదులో) 'రిపోర్టెడ్ బై' అని మీ పేరూ అడ్రసూ చేరితే, అది కెర్నెల్ సోర్స్‌ను గిట్‌తో (కోడ్ మార్పులను నమోదుచేసే ప్రోగ్రాము) చరిత్రతో సహా దింపుకున్న ప్రతి కంప్యూటర్లోకీ వెళ్తుంది. తీసేయమని అడిగినా తీయలేరు. (కెర్నెల్ బగ్‌జిల్లాలో ఇచ్చిన అడ్రసులను మాత్రం ప్రైవేటుగా చూడాలనీ, అడ్రసు ముందే బయట వాడినవారైతే తప్ప కమిట్లలో పెట్టవద్దనీ కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు.)

కాబట్టి అడ్రసును దాచడం కొన్నిచోట్ల అసలు కుదరదు. నా లెక్కలో తేల్చేది వేరే విషయం: రెండేళ్ల తర్వాత కూడా ఆ అడ్రసుకు ఉత్తరం చేరాలి, అదే అడ్రసు నుంచి మీరు జవాబివ్వగలగాలి, స్పామ్ ముంచెత్తితే ఆ ఒక్కదాన్నే కట్టేయగలగాలి. బగ్‌లు ఏళ్ల తరబడి తెరిచి ఉంటాయి. మెయింటెయినర్ (ఆ కోడ్ చూసుకునేవారు) ఎప్పుడో తీరిక చేసుకుని 'కొత్త వెర్షన్‌లోనూ వస్తోందా?' అని అడుగుతారు. జవాబు రాకపోతే బగ్ మూసేస్తారు. అందుకే పది నిమిషాల టెంపరరీ మెయిల్ గురించి మాట్లాడాల్సింది ఏమీ లేదు.

ప్లస్ అడ్రసు (పేరు+డెబియన్@జీమెయిల్.కామ్ లాంటిది, ఉత్తరాలు మీ మామూలు ఇన్‌బాక్సుకే వస్తాయి) ఉచితం, సులువు. కానీ ప్లస్ నుంచి @ వరకు ఉన్న ముక్క కొట్టేస్తే అసలు అడ్రసు చేతికొస్తుంది. ఆ పని చేయడానికి స్పామర్‌కు ఒక్క లైను ప్రోగ్రాము చాలు. ఎవరి దగ్గర నుంచి లీకయిందో పట్టుకోవడానికీ, ఫిల్టర్ పెట్టుకోవడానికీ తప్ప రక్షణకు పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. జీమెయిలు సెట్టింగుల్లో అకౌంట్స్ కింద 'సెండ్ మెయిల్ యాజ్'లో ఆ ప్లస్ అడ్రసును చేర్చుకోకపోతే, మీరు పంపే ఉత్తరం అసలు అడ్రసుతోనే వెళ్తుంది. డెబియన్ లాంటిచోట దాంతో కథ ముగిసినట్టే.

ఎలియాస్ సర్వీసులు, అంటే మారు అడ్రసు ఇచ్చి దానికొచ్చే ఉత్తరాలను మీ అసలు అడ్రసుకు పంపేవి (సింపుల్‌లాగిన్, ఫైర్‌ఫాక్స్ రిలే, డక్‌డక్‌గో వగైరా), దీనికంటే చాలా నయం. ట్రాకర్‌కొక అడ్రసు ఇచ్చుకోవచ్చు, విసుగొస్తే ఒక్క నొక్కుతో ఆపేయచ్చు. బగ్‌జిల్లా, గిట్‌హబ్ ఖాతాలకు ఇవి చక్కగా సరిపోతాయి. అయితే డెబియన్‌కు రాయాలంటే ముందు ఉత్తరం మీ నుంచే వెళ్లాలి, అదీ ఎలియాస్ పేరుతో. సింపుల్‌లాగిన్‌లో ఆ సౌకర్యం ఉంది: అవతలి అడ్రసుకు బదులు వాడే ఒక రివర్స్ ఎలియాస్ తయారుచేసి దానికి పంపాలి. ఒకటి రెండు బగ్‌లకైతే ఫర్వాలేదు. ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతూ నలుగురైదుగురిని కాపీలో పెట్టాల్సిన చోట ఇది తలనొప్పే. పైగా డొమైన్ (అడ్రసులో @ తర్వాతి పేరు) వాళ్లది. ఆ సర్వీసు మూతపడితే మీ పాత బగ్‌లన్నీ దిక్కులేనివవుతాయి.

బగ్‌లు రాయడం మీకు అలవాటుగా మారిందంటే సొంత డొమైనే మేలు. ఏటా కొంత ఖర్చు తప్పదు గానీ, మెయిల్ కంపెనీని మార్చినా ఎంఎక్స్ రికార్డు (ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే సెట్టింగు) మార్చుకుంటే అడ్రసు నిలుస్తుంది. ఈమెయిలు పంపే మామూలు పద్ధతి ఎస్‌ఎంటీపీతోనే పంపచ్చు, తిప్పలుండవు. తప్పులు జరిగేది మూడుచోట్ల. ఏ పేరుకు వచ్చినా తీసుకునే క్యాచ్-ఆల్ పెడితే స్పామర్లు ఊహించి కొట్టే పేర్లన్నీ మీ ఇన్‌బాక్సులోకే వస్తాయి, కాబట్టి అడ్రసులు ఒక్కొక్కటిగా తయారుచేసుకోండి. డీమార్క్‌ను (మీ డొమైన్ పేరుతో వచ్చిన ఉత్తరం పరీక్షలో తప్పితే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) మొదటే రిజెక్ట్‌లో పెట్టకండి. లిస్టు సాఫ్ట్‌వేర్ సబ్జెక్టుకు ముందు ఏదైనా తగిలించినా, కింద ఫుటర్ చేర్చినా డీకిమ్ సంతకం (ఉత్తరం మారలేదని చూపే డిజిటల్ ముద్ర) చెల్లదు, మీ ఉత్తరాన్ని చందాదారుల సర్వర్లు తిప్పికొడతాయి. 'నన్' (ఏమీ చేయవద్దు)తో మొదలుపెట్టి రిపోర్టులు చూశాక బిగించుకోండి. ఇక రెన్యూవల్ మరిచిపోతే డొమైన్ ఇంకొకరు కొనుక్కుని, మీ ట్రాకర్ ఖాతాల పాస్‌వర్డులు రీసెట్ చేసుకోగలరు. ఆటో రెన్యూవల్ పెట్టండి.

గిట్‌హబ్ ఇచ్చే నోరిప్లై అడ్రసు ఈ పోటీలోకి రాదు, ఎందుకంటే దానికి ఉత్తరాలు రావు. అది కమిట్లకు మాత్రమే. కానీ కమిట్ల దగ్గర తప్పనిసరి: కమిట్ లింకు చివర డాట్ ప్యాచ్ అని కలిపితే రచయిత ఈమెయిలు ఎవరికైనా కనబడుతుంది. ఈమెయిల్ సెట్టింగుల్లో అడ్రసును ప్రైవేటుగా ఉంచే ఐచ్ఛికాన్నీ, అడ్రసు బయటపెట్టే పుష్‌లను (కమిట్లను గిట్‌హబ్‌కు పంపడాన్ని) ఆపే ఐచ్ఛికాన్నీ రెంటినీ టిక్ చేయండి. తర్వాత నంబరుతో మొదలయ్యే నోరిప్లై అడ్రసును గిట్ కాన్ఫిగ్‌లో యూజర్ ఈమెయిల్‌గా పెట్టండి. పుష్ చేసినప్పుడు జీహెచ్007 అనే ఎర్రర్ వచ్చిందంటే ఏదో కమిట్‌లో పాత అడ్రసు మిగిలిందని అర్థం.

ఏ అడ్రసు వాడినా లీకయ్యే దారులు ఇంకా ఉన్నాయి. గిట్‌హబ్ నోటిఫికేషన్‌కు మెయిల్ నుంచే జవాబిస్తే, కింద ఆఫీసు సిగ్నేచర్‌లోని ఫోన్ నంబరు కూడా కామెంటులో పడిపోవచ్చు. అతికించే లాగ్ ఫైళ్లలో అసలు ఈమెయిలు కోసం ఒకసారి వెతకండి. డెబియన్‌లో బగ్ రిపోర్టులు పంపే ప్రోగ్రాము రిపోర్ట్‌బగ్ పంపేముందు మొత్తం ఎడిటర్‌లో చూపిస్తుంది, తీసేయాల్సినవి అక్కడే తీసేయచ్చు.

ఇప్పటికే అసలు అడ్రసుతో డెబియన్‌కు రాసేసినవారు అక్కడి బగ్ వ్యవస్థకు ఆదేశాలు పంపే కంట్రోల్ అడ్రసుకు 'సబ్మిటర్' ఆదేశం, బగ్ నంబరు, కొత్త అడ్రసు ఒకే వరుసలో రాసి పంపితే, ఇకపై వచ్చే ఉత్తరాలు కొత్తదానికి చేరతాయి. పేజీలో ఉన్న పాత ఉత్తరంలోని అడ్రసు మాత్రం అలాగే ఉంటుంది.