మూడేళ్లు వాడాక: వలకు కట్టే గిలక, అది చెప్పే లోతు అంకె

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వల లాగుతూ చేపలు పట్టే ట్రాలర్లకు ఎలక్ట్రానిక్స్ బిగించే పని మానేసి కర్నూలు వచ్చేసేటప్పుడు, నీళ్లలో వల ఎక్కడుందో చెప్పే సెట్టు ఒకటి, ఒక బోటు యజమాని వద్దనుకున్నదాన్ని, సెకండ్ హ్యాండ్ కారు ధర పెట్టి కొనుక్కొచ్చుకున్నాను. పడవ కింద నీళ్లలో దించే హెడ్ ఒకటి, వలకు కట్టే ట్రాన్స్‌పాండర్ ఒకటి. "సముద్రం లేని ఊళ్లో ఈ సామాను ఏం జేసుకుంటావురా" అని మా నాయన ఇప్పటికీ అంటాడు. శ్రీశైలం బ్యాక్ వాటర్ ఉంది కదా. విశాఖలోని పాత మిత్రులు రిపేరు చేసిన సెట్లు నాకు పంపుతారు. ముచ్చుమర్రి వైపు చిన్న పడవలో, తోక విప్పేసిన పొట్టి వల లాగుతూ వాటిని పరీక్షిస్తాను. చేపలు పట్టం. మా పడవ నడిపే ఆయనది కూడా విశాఖ వైపే, బతుకుదెరువుకు ఇటొచ్చి చాలా ఏళ్లయింది. ట్రాన్స్‌పాండర్ అనడం ఆయనకు నోరు తిరగదు, గిలక అంటాడు. నాకూ అదే అలవాటైంది.

ఇది ఎలా పనిచేస్తుందో ట్రాలింగ్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లోతుకు మూడు నుంచి ఐదు రెట్లు తాడు వదులుతారు కాబట్టి వల ఎప్పుడూ పడవకు చాలా వెనకే ఉంటుంది. దాన్ని ప్రవాహం ఎటో పక్కకు నెడుతుంది. జీపీఎస్ చెప్పేది పడవ సంగతే, నీళ్లలోకి అది దిగదు. అందుకే హెడ్ నీళ్లలో శబ్దంతో ఒక పలుకు పంపితే గిలక తిరిగి పలుకుతుంది. ఆ జవాబుకు పట్టిన టైమును బట్టి దూరం, అది ఏ వైపు నుంచి వచ్చిందో దాన్నిబట్టి దిక్కు.

నా గిలకలో ఇంకోటి కూడా ఉంది. లోపలున్న ప్రెషర్ సెన్సర్ కొలిచిన లోతును జవాబుతో పాటే పంపుతుంది. కొనేటప్పుడు ఇది దండగ అనుకున్నాను. "ఆ సెన్సర్ లేనిదుంటే ఇవ్వన్నా, ధర తగ్గుతుంది" అని బేరం కూడా ఆడాను. నా అదృష్టం, ఆయన దగ్గర లేదు.

మొదటి రోజే నవ్వుకున్నాం. గిలక ఇంకా పడవలో బల్ల మీదే ఉంది, స్క్రీన్ మీద లోతు మైనస్ 0.3 మీటర్లు. "ఏటి బాబూ, వల గాల్లో ఎగురుతాందా?" అన్నాడాయన. సెన్సర్ పాడైందని నాకు టెన్షన్. తర్వాత కొలతలు రాసిన తాడుకు కట్టి 20 మీటర్లు దించితే 19.2 చూపించింది. రాత్రి ఇంటికొచ్చి లెక్కేసుకుంటే రెండు తేడాలూ తేలాయి. దాన్ని సున్నా చేసింది సముద్రం ఒడ్డున. శ్రీశైలం నిండితే నీటిమట్టం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి బరువే తక్కువ, అది 0.3. మిగతాది ఉప్పు. సముద్రపు నీరు మంచినీళ్ల కంటే రెండున్నర శాతం బరువు, సెట్టింగు ఇంకా సముద్రం మీదే ఉంది. రెండూ సరిచేశాక ఇప్పటిదాకా తాడుకూ దానికీ చేతి బెత్తెడు తేడా రాలేదు. ఇంత నిజాయితీగా తప్పు చెప్పిన యంత్రాన్ని నేను చూడలేదు.

దిక్కు సంగతి మాత్రం అలా కాదు. స్క్రీన్ మ్యాప్‌లో వలను చూపే చుక్క ఎడమకూ కుడికీ గెంతుతూనే ఉంటుంది. ఒక్క డిగ్రీ తప్పినా 300 మీటర్ల దూరంలో అయిదు మీటర్లు పక్కకు పోతుంది. సిద్ధేశ్వరం వైపు రాతి గట్ల మధ్య అయితే గిలక పలికేది ఒకసారి, వినపడేది నాలుగుసార్లు. ఒకరోజు కావాలనే ప్రెషర్ సెన్సర్ అంకెను పక్కనపెట్టి, శబ్దం వచ్చిన కోణంతోనే లోతు లెక్కగట్టమన్నాను. వల నీటిమట్టానికి నాలుగు మీటర్లు పైన ఉందని చూపించింది. ఈసారి నిజంగానే ఎగిరింది.

గిలక విలువ తెలిసింది రెండో ఏడాది డిసెంబరులో. రిజర్వాయరు నిండుగా ఉంది, సంగమేశ్వరం గుడి నీళ్లలోనే ఉంది. పొద్దున్నే 60 మీటర్ల తాడుతో మెల్లగా లాగుతున్నాం. అడుగు 15 మీటర్లు, వల 14.2. చుక్క మామూలుగానే గెంతుతోంది, నేను టీ పోసుకుంటున్నాను. చూస్తుండగానే 14.2 కాస్తా 13 అయింది, 11 అయింది, 9.1 దగ్గర నిలబడిపోయింది. అప్పటికి ఇంజను గొంతు మారలేదు. నేను "అన్నా, ఆపు" అన్నాక రెండు మూడు సెకన్లకు గానీ తాడు బిగుసుకోలేదు. వల దేన్నో ఎక్కి కూర్చుంది.

మామూలుగా అయితే ఇంజను మీద కోపం చూపించి గట్టిగా లాగుతాం, వల చిరుగుతుంది, లేదా తాడు కోసుకుని ఇంటికి పోతాం. గిలక కూడా పోయేదే. ఆ రోజు అంకె ఉంది కాబట్టి అది అడుగున రాళ్లలో ఇరుక్కోలేదని, ఆరు మీటర్ల ఎత్తున్న దేని మీదో ఉందని తెలుస్తోంది. ఎక్కిన వైపే దింపాలి. తాడు వదులు చేసి, చుట్టూ తిరిగి వచ్చిన దారినే వెనక్కి వెళ్లాం. ఆయన చేత్తో కొంచెం కొంచెం లాగుతుంటే నేను అంకె చదువుతున్నాను. 9.1. 9.1. 8.8. "పైకొస్తాంది, ఆపన్నా." కొంచెం పక్కకు జరిగి మళ్లీ లాగాడు. 9.4, 10, తర్వాత ఒక్కసారిగా 14. ఆయన చేతిలో తాడు తేలికైపోయింది. వల పైకి తీస్తే మూర పొడవు చిరుగు, వల కళ్లల్లో నల్లటి పుల్లలు. మా మేనత్త మెట్టినూరు ఆ చుట్టుపక్కలే మునిగిపోయింది. పుల్ల చూపిస్తే "చింతకట్టెనే, మా బాయికాడి చెట్టేమో" అంది. కావచ్చు, కాకపోవచ్చు. ఆమె మాత్రం ఆ పుల్లను నాకు తిరిగివ్వలేదు.

ఇదివరకు అడిగిన అందరికీ దీని రేంజి గురించి గొప్పగా చెప్పాను. తొమ్మిది వందల మీటర్ల దాకా జవాబు వచ్చిందన్నది నిజమే. అయితే అందులో యంత్రం గొప్పతనం కొంచెమే. సముద్రంలో కరిగున్న మెగ్నీషియం సల్ఫేటు ఈ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని తాగేస్తుంది, మంచినీళ్లలో ఆ బాధ లేదు. పైగా శబ్దం చావదు కాబట్టి ప్రతిధ్వనులూ చావవు. కాకినాడలో, విశాఖలో నా అంకె చూసుకుని కొనకండి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇక్కడా ఆ రేంజి సగానికి పడిపోయింది. పైపొర వేడెక్కితే శబ్దం చల్లటి కింది నీళ్లవైపు వంగిపోతుంది. 1930ల్లో అమెరికా నౌకాదళానికీ ఇదే ఎదురైతే, ఆపరేటర్లు భోంచేసి కునుకు తీస్తున్నారని మొదట అనుమానించారట. మా పడవలో ఆ అనుమానం పూర్తిగా అన్యాయం కాదు.

ఒక్కసారే చెడిపోయింది. బ్యాటరీ మూత కింది రబ్బరు రింగు మీద ఇసుక రేణువు ఉండిపోయి నీళ్లు దిగాయి. దీని కంపెనీ వాళ్లు మొత్తం విదేశానికి పంపాలన్నారు, నెలలు పడుతుందన్నారు. విప్పి, ఆరబెట్టి, కొత్త రింగు వేసుకున్నాను. తప్పు నాదే, కానీ ఆ మూత డిజైనుకూ కొంచెం వాటా ఉంది.

కొనాలా అంటే, నాకు పరీక్షలే పని, సగం ధరకు దొరికింది, రిపేరు చేతిలో ఉంది. ఇవి మూడూ లేకపోతే నా మాట పట్టించుకోకండి. ఇక్కడ నీళ్లలో వల నిలబెట్టి చేపలు పట్టేవాళ్లకు థర్మకోలు ముక్క, జెండా చాలు. ట్రాలర్ ఉన్నవాళ్లు కొంటే లోతు సెన్సర్ ఉన్నదే అడగండి, దిక్కు బాగా చూపిస్తుందన్న సేల్స్ మాటలు తర్వాత వినొచ్చు. పడవ ఎక్కగానే మా పడవ నడిపే ఆయన ఇప్పుడు మ్యాప్ వంక చూడనే చూడడు. "అంకె ఎంత?" అంటాడు. గిలక ఇంకా బల్ల మీదే ఉంటే "సున్నా" అంటాను, అప్పుడు తాడు వదులుతాడు.